హల్లులు తీసిన పిలుపు

పెళ్ళయిన నాటి నుండి ఆమె ఆయనను పేరు పెట్టి పిలిచి ఎరుగదు. పిలవకూడదని ఎవరూ చెప్పలేదు, పిలవాలని ఆమెకూ తోచలేదు. వంటగదిలో నుండి "ఏవండీ" అంటే ముందుగదిలో నుండి "ఆఁ" అని వచ్చేది. ఆ రెండింటి నడుమనే వారి సంసారమంతా సాగిపోయింది. ఉప్పు నిండుకున్నప్పటి ఏవండీ వేరు, గుమ్మంలోకి ఎవరో వచ్చినప్పటి ఏవండీ వేరు, అలిగి మాట్లాడదలచుకోని పూట చివరి దీర్ఘాన్ని కుదించి విసిరే ఏవండీ వేరు. దేనికి ఏ పాటి "ఆఁ" పలకాలో ఆయనకు తెలుసు. తూచినట్టు పలికేవాడు.

ఆమెది కాజాలు కుట్టే పని. బడిపిల్లల చొక్కాలను, ఆసుపత్రి కోట్లను దుకాణంవారు మూటగట్టి పంపితే, గుండీ పట్టవలసిన చోట చీలిక కోసి, పోగులు లేవకుండా అంచు చుట్టూ దారం కుట్టి తిరిగి పంపేది. ఆయనది శబ్దాల పని. తెరమీద ఎవరో ఎండుటాకుల మీద నడిస్తే, ఇక్కడ ఆయన పాత టేపు చుట్టను గుప్పిట్లో నలిపేవాడు. మంచులో అడుగులు పడాలంటే గంజిపొడి సంచిని పిసికేవాడు. ఎముక విరగాలంటే కూరగాయల బుట్టలో చెయ్యి పెట్టేవాడు. ఆ ఇంట్లో ఏ వస్తువూ తన పని తాను చేసుకుని ఊరుకునేందుకు వీలులేదు. బకెట్టు సముద్రమయ్యేది, బీరువా తలుపు పడవయ్యేది. "మా అన్నయ్య శబ్దమంటే చెవి కోసుకుంటాడు" అని పక్క వీధిలో ఉండే ఆడపడుచు వేళాకోళమాడేది.

ఆ మాట అంత పనీ చేస్తుందని అప్పుడు ఎవరికీ తెలియదు.

అచ్చాఫీసు మేడమీద కంప్యూటరు ఆటలు తయారుచేసే చిన్న కంపెనీ ఒకటుంది. దాని యజమాని పడుచువాడు. నోరు మూయడం ఎరుగడు కనుక పనివాళ్ళు ఆయనకు మౌనిగారని పేరు పెట్టారు. ఆ మౌనిగారు ఒక్క మాటా, ఒక్క అక్షరమూ లేని ఆటను తలపెట్టాడు. అందులో కథానాయకుడు ఒక చెవి. మనిషి చెవే, మనిషి మాత్రం లేడు. తమ్మెను పాదంలా నేలకు ఆనించి అది మెల్లగా జరుగుతూ పోతుంది. దానికి కళ్ళు లేవు, నోరు లేదు. ఎటు శబ్దమైతే అటు తిరుగుతుంది. ఆడేవారు వీధిలోని వస్తువులను మోగిస్తూ దానిని నడిపించాలి. ఎక్కడి నుండో దానినెవరో పిలుస్తున్నారు. ఆ పిలుపు దగ్గరకు చేర్చడమే ఆట. దాని శబ్దాల పనంతా ఈయనకే అప్పజెప్పాడు.

"ఆ పిలుపే కుదరడం లేదు," అన్నాడాయన ఒక పూట భోజనం చేస్తూ. "ఎంతమందిచేత పిలిపించామో లెక్కలేదు. నటించేవాళ్ళు వచ్చారు, పాడేవాళ్ళు వచ్చారు. అందరూ పిలుస్తున్నట్టు ఉన్నారు గాని పిలిచినట్టు లేదు."

"మరేం చేస్తారు?"

"నువ్వు పిలువు."

ఆమె గరిటె ఆపింది. "ఎవరిని?"

"నన్నే."

"ఎదురుగా కూర్చుని తింటున్న మనిషిని ఎలా పిలుస్తారండీ? చాల్చాల్లెండి, ఎవరైనా వింటే నవ్విపోతారు."

ఎంత బతిమాలినా ఆమెకు నోరు రాలేదు. అవసరం లేని పిలుపు ఆమె గొంతులో పుట్టదు. ఆయన అది గ్రహించి, మర్నాడు ఉతికిన బట్టలు ఆరేసిన దండెం మీద, తువ్వాలు మడతలో, చిన్న మైకు దాచిపెట్టి ముందుగదిలో కూర్చున్నాడు. దుకాణం మనిషి మూట తెచ్చి తలుపు తట్టాడు. ఆమె చేతులు తడి. "ఏవండీ" అన్నది.

"ఆఁ" అన్నాడాయన. అప్పటికే ఆయన ముఖం వెలిగిపోతోంది.

ఆమె గొంతును పట్టుకుపోయి మౌనిగారికి వినిపించాడు. అతని కళ్ళు చెమర్చాయట, కాని ఒప్పుకోలేదట. మాట ఉండకూడదని కదా నియమం. "ఏవండీ మాట కాదు బాబూ," అని మన శబ్దాలాయన వాదించాడు. "అది పేరు కాదు, వస్తువు కాదు, దానికి అర్థమంటూ ఏమీ లేదు. నిఘంటువు తిరగేసినా ఫలానా అని చెప్పలేరు. ఉత్త పిలుపు." మౌనిగారు వినలేదు. "వినేవాళ్ళకు మాటలాగే తగులుతోంది మాస్టారూ. హల్లులు తీసెయ్యండి. ఊపిరి ఉంచండి చాలు."

ఈ సంగతి ఆయనే ఇంటికొచ్చి చెప్పాడు. చెబుతూ, కోసి పదును చేసిన ఆ పిలుపును ఆమెకు వినిపించాడు. వకారం లేదు, డకారం లేదు. ఏ… అ… ఈ… అని గాలిలాంటిదేదో సాగి, వంగి, ఆగింది.

"ఇది నేనేనా?"

"నువ్వే. నీ కన్నా నువ్వు."

ఆమెకు మనసులో ఏదో ముల్లు గుచ్చుకున్నట్టయింది. నా పిలుపు మాట కాదన్నారా అని అడగబోయి, అడగలేదు. మన వ్యాకరణం అచ్చులను ప్రాణాలంటుంది, హల్లులను ప్రాణులంటుంది. ప్రాణం నిలవాలంటే ఒక ప్రాణి కావాలి, ప్రాణి పలకాలంటే ప్రాణం కావాలి. ఆయన ఆ రెండింటినీ సన్నని కత్తితో విడదీసి, ప్రాణాలను మాత్రం జేబులో వేసుకుని పోయాడు. పని మీది మోజు. అంతకు మించి ఆయన మనసులో ఏమీ లేదు.

మర్నాటి నుండి ఆయన పలకడం మానేశాడు.

పొయ్యి మీద గిన్నె దించడానికి పట్టుకారు కనబడక ఆమె "ఏవండీ" అన్నది. జవాబు లేదు. మళ్ళీ అన్నది. గిన్నె మాడుతుంటే విసురుగా ముందుగదిలోకి వచ్చింది. ఆయన కుర్చీలో కూర్చుని, తల ఒక పక్కకు వంచి, తన్మయుడై ఏదో వింటున్నాడు.

"పిలుస్తుంటే ఉలుకూ పలుకూ లేదేం?"

"పిలిచావా?" అన్నాడు చప్పున. "ఎప్పుడు?"

"గొంతు చించుకున్నాను."

"నువ్వు పిలవందే ఎలా పలుకుతాను చెప్పు. ఇదిగో, ఆ కుళాయి బొట్టు విను. నిన్నటికీ ఇవాళ్టికీ స్వరం దిగింది. లోపల రబ్బరు అరిగి ఉంటుంది."

పక్కన నిలబడి మాట్లాడితే ప్రతి మాటా వింటాడు. గుసగుసలాడినా వింటాడు. ఆమె సూది కిందపడితే ముందుగదిలో నుండి "బీరువా కింద చూడు" అంటాడు. ఆ ఒక్క పిలుపు మాత్రం ఆయన చెవికి చేరదు. నాలుగడుగుల దూరంలో నిలబడి "ఏవండీ" అంటే, ఆ పిలుపు ఆయన దాకా వెళ్ళి, ఆయన లేనట్టుగా ఆయనను దాటిపోయేది.

చెవుల డాక్టరు పరీక్షించి, యంత్రాలు పెట్టి చూసి, "ఈ చెవులు నాకుంటే మరింత బాగా వైద్యం చేసేవాణ్ణి" అని నవ్వి పంపేశాడు.

ఆడపడుచు వచ్చి విని, పకపకా నవ్వింది. "వదినా, మొగుడి చెవికి పెళ్ళాం గొంతు ఆనకపోవడం కూడా జబ్బేనా? అలాగైతే మా ఇంటినే ఆసుపత్రి చెయ్యాలి."

"నవ్వకమ్మాయ్. నువ్వు పిలిచి చూడు."

"అన్నయ్యా."

"ఏమ్మా?" అన్నాడాయన ముందుగదిలో నుండి, కాగితం నలుపుతూనే.

ఆమె వెళ్ళి ఆయన వెనుక నిలబడి, చెవి పక్కన నోరు పెట్టి, "ఏవండీ" అన్నది. ఆయన కాగితం నలుపుతూనే ఉన్నాడు. ఆమె ఊపిరి తగిలి చెవి మీది సన్నని వెంట్రుకలు కదిలాయి. ఆయన కదలలేదు. ఆడపడుచు ముఖంలో నవ్వు వాడిపోయింది.

"పేరు పెట్టి పిలిచి చూడు వదినా," అన్నది గొంతు తగ్గించి.

"నోరు పెగలదు."

"ఇంకా ఆ పట్టింపులన్నీ చూసుకుంటే ఎలా? పిలువు."

ఆమె వంటగదిలోకి పోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తీసి, కళ్ళు మూసుకుని, జన్మలో మొదటిసారిగా ఆయనను పేరు పెట్టి పిలిచింది.

కాగితం చప్పుడు ఆగింది. ఆయన లేచాడు. వాళ్ళిద్దరి ముందు నుండే నడిచి, వీధి తలుపు తీసి, మెట్లమీదికి తొంగిచూశాడు. కాసేపు అక్కడే నిలబడ్డాడు. తిరిగి వచ్చి, "ఎవరో ఆవిడ నన్ను పేరు పెట్టి పిలిచింది," అన్నాడు. "ఎన్నడూ వినని గొంతు. తీరా చూస్తే ఎవరూ లేరు. తలుపు గడియ పెట్టుకోండి."

ఆడపడుచు చెప్పులు వేసుకుంది. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానన్నది. ఆ పూట వాళ్ళింట్లో పాలే లేవని ఆమెకు తెలుసు.

భక్తి మార్గంలో సైతం శ్రవణానిదే మొదటి పీట అంటారు. వినడం ఉన్నచోటనే తక్కినవన్నీ కుదురుకుంటాయి. ఆమె పెద్ద కోరికలు కోరిన మనిషి కాదు. ఇప్పుడు ఆమెకు కావలసింది ఒక్కటే. తాను పిలవాలి, ఆయన పలకాలి. ఆ ఒక్కటీ లేకపోతే, ఒకే కప్పు కింద ఇద్దరు బాటసారులు బస చేసినట్టే.

ఆయన కళ్ళజోడు మరిచిపోయిన ఒక ఉదయం, అది ఇచ్చే నెపంతో ఆమె అచ్చాఫీసు మేడ ఎక్కింది. మెట్ల పొడవునా సిరా వాసన. కింది యంత్రం దెబ్బ అరికాళ్ళలో తెలుస్తోంది. పై గదిలో గోడలన్నిటికీ గుడ్ల అట్టలు అతికించి ఉన్నాయి. ఒక మూల అద్దాల గదిలో ఆయన చెప్పులు విడిచి, తలకు వైర్లు తగిలించుకుని, కంకర పోసిన పళ్ళెంలో అడుగులు వేస్తున్నాడు. వీపు ఇటు ఉంది. లోపలి చప్పుడు బయటికి పలచగా వస్తోంది.

బొమ్మలు గీసే అమ్మాయి ఆమెను చూసి లేచి నిలబడింది. "మీరేనా పిన్నిగారూ? మీ గొంతు రోజూ వింటున్నాను. మనిషిని చూస్తే ఒళ్ళు జలదరించింది, ఏమీ అనుకోకండి."

"ఆ ఆట ఒకసారి చూపించమ్మా."

అమ్మాయి కుర్చీ వేసి, మీటలు ఎలా నొక్కాలో చెప్పింది. తెర మీద బూడిదరంగు వీధి ఒకటి తెరుచుకుంది. పిడులు లేని తలుపులు. దండేల మీద బట్టలకు బదులు నాలుకలు ఆరేసి ఉన్నాయి, గాలికి చిన్నగా ఊగుతున్నాయి. వీధి నడుమ చెవి నిలబడి ఉంది. పై అంచున చిన్న పుట్టుమచ్చ.

"మాస్టారి చెవి చూసే గీశాను," అన్నది అమ్మాయి గర్వంగా.

ఆమె ఒక బకెట్టును మోగించింది. చెవి అటు తిరిగి జరిగింది. గంటను మోగించింది. చెవి మెట్లెక్కింది. రోడ్డు పక్క మనుషులు వరుసగా నిలబడి ఉన్నారు. నోళ్ళ చోట ఒక్కొక్కరికి ఒక్కొక్క చీలిక ఉంది. అంచులు దారంతో నేర్పుగా కుట్టి ఉన్నాయి. ఆ కుట్టు ఎవరిదో ఆమెకు చెప్పనక్కరలేదు.

"మీ కాజా ఒకటి మాస్టారు నమూనాకని తెచ్చారు," అన్నది అమ్మాయి.

పోనుపోను ఆమెకు దారి తెలిసిపోయింది. మెట్లు తమ మెట్లే. బకెట్టు తమ బకెట్టే. ఎక్కడో కారుతున్న కుళాయి తమదే. అది ఆమె ఇల్లే. మనుషులను ఊడ్చివేసి, గోడలను దూరంగా జరిపిన ఆమె ఇల్లు. చెవి ఆ ఇంటిలో గదులు దాటుకుంటూ పోయి, ఒక మూసిన తలుపు ముందు ఆగింది. అది వంటగది తలుపు.

తలుపు అవతల నుండి వచ్చింది. ఏ… అ… ఈ…

చెవి తలుపును ఆనుకుని నిలబడింది. తెర మెల్లగా చీకటవుతోంది. ఆటకు అదే చివర. ఆమెకు ఏమయిందో ఏమో, అలవాటు చొప్పున, చాలా మామూలుగా, "ఏవండీ" అన్నది.

చీకటి ఆగిపోయింది. చెవి తలుపును వదిలి, మెల్లగా ఇటు తిరిగింది. తెర నిండేంతగా దగ్గరకు వచ్చింది.

"ఆఁ" అని వినిపించింది.

అది ఉప్పు నిండుకున్నప్పటి "ఆఁ" కాదు. గుమ్మంలోకి ఎవరో వచ్చినప్పటిదీ కాదు. జ్వరంతో పడుకున్నప్పుడు నుదుటి మీద చెయ్యి వేస్తే, కళ్ళు తెరవకుండా పలికే "ఆఁ". అది కంప్యూటరు పెట్టెలో నుండి వచ్చింది. అద్దాల గదిలో ఆయన వీపు తిప్పి కంకర తొక్కుతూనే ఉన్నాడు.

అమ్మాయి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "పిన్నిగారూ, ఆ శబ్దం మేం పెట్టలేదు."

అప్పటికి వెనుక వచ్చి నిలబడిన మౌనిగారు మాత్రం పొంగిపోయాడు. "అద్భుతంగా ఉంది. ఎలా వచ్చిందో మనకెందుకు, ఉండనివ్వండి. ఆడేవాళ్ళు…"

"నా పిలుపు నాకిచ్చెయ్యండి బాబూ," అన్నదామె.

"అయ్యో అమ్మగారూ, మేం తీసుకున్నది నకలే. అసలు మీ దగ్గరే ఉందిగా."

"అసలు నా దగ్గరుంటే ఆయన నాకెందుకు పలకరు?"

మౌనిగారు నోరు తెరిచి, ఏమీ దొరకక మూసుకున్నాడు. పనివాళ్ళు అతని మౌనం చూడడం అదే మొదలు.

అమ్మాయి ఆమె చెవిలో చెప్పింది. "ఆ పిలుపును తుడిచెయ్యమంటే తుడిచేస్తాను. కాని అది పోతే చెవికి ఎటు వెళ్ళాలో తెలియదు. లోపలే తిరుగుతూ ఉంటుంది. ఎప్పటికీ."

ఆమె తెర మీది తలుపును చూపించింది. "ఆ తలుపు తీస్తే?"

"అది తీసే తలుపు కాదండీ. ఉత్త గీత. వెనకాల నేనేమీ గీయలేదు."

"తియ్యమ్మా. ఎంతసేపని నిలబడుతుంది అది."

అమ్మాయి మౌనిగారి వైపు చూసింది. అతను తల ఊపాడు. అమ్మాయి ఏవేవో మీటలు నొక్కుతూ చాలాసేపు పనిచేసింది. తలుపు లోపలికి తెరుచుకుంది. అవతల తెలుపు లేదు, నలుపు లేదు. ఎవరూ ఇంకా తలచని చోటు ఎలా ఉంటుందో అలా ఉంది. చూపు దాని మీద నిలవలేదు, నీటి మీది నూనెలా జారిపోయింది. పిలుపు మరొకసారి మొదలయింది. ఏ… అ… చెవి గడప దాటింది. పిలుపు నడుమనే తెగిపోయింది.

అద్దాల గదిలో కంకర చప్పుడు ఆగింది.

ఆయన తలకున్న వైర్లు తీసి, తలుపు తీసుకుని, వట్టి పాదాలతో బయటికి వచ్చాడు. అందరినీ చూసి, ఆమె దగ్గర ఆగాడు. "పిలిచావా?" అన్నాడు.

ఆమె పిలవలేదు. కాని ఎన్నాళ్ళకో విన్న ఆ ప్రశ్నకు కాదనడానికి ఆమెకు మనసు రాలేదు. "పిలిచాను," అన్నది, కళ్ళు తుడుచుకుంటూ. "కళ్ళజోడు మరిచిపోయారు."

కొన్నాళ్ళు ఇల్లు ఇల్లులాగే ఉంది. ఆమె పిలిచింది, ఆయన పలికాడు. అవసరం లేకపోయినా పిలిచేది. "ఏమిటి?" అని ఆయన వస్తే, "ఏమీ లేదు, వెళ్ళండి" అని పంపేసేది. ఆడపడుచు మళ్ళీ రావడం మొదలుపెట్టి, "కొత్త కాపురంలా ఉందే వదినా" అని ఆటపట్టించేది.

తరువాత ఆట లోకంలోకి వెళ్ళింది. తెరిచిన తలుపునూ, దాని వెనుక ఏమీ లేకపోవడాన్నీ మౌనిగారు అలాగే ఉంచేశాడు. అదే జనానికి నచ్చిందట. ఎక్కడెక్కడివారో ఇళ్ళలో కూర్చుని, ఆ చెవిని వీధుల వెంట నడిపించుకుంటూ తెచ్చి, ఆ గడప దాటించసాగారు.

ఆమె కాజా కుట్టుకుంటోంది. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "పిలిచావా?"

"లేదే."

వెళ్ళిపోయాడు. దారం తెంపేలోపల మళ్ళీ వచ్చాడు. "ఇప్పుడు పిలిచావు."

"లేదండీ."

మరోసారి పిలుపు వినబడినప్పుడు ఆయన ఆమె దగ్గరకు రాలేదు. బీరువా తలుపు తీసి, మడిచిన దుప్పట్లతో, "ఆఁ, వస్తున్నా" అన్నాడు. స్నానాల గదిలో ఖాళీ బకెట్టు మీదికి వంగి పలికాడు. గోడకు చెంప ఆనించి పలికాడు. ఆయన ముఖంలో భయం లేదు. ఇంట్లో ఎవరో పిలుస్తుంటే పలికే మనిషి ముఖంలో ఎంత శాంతం ఉంటుందో అంతే ఉంది. అది చూసే ఆమెకు భయం వేసింది.

ఒక పట్టపగలు వీధిలో కీచుమని బండ్లు ఆగిన చప్పుడుకు ఆమె మెట్లు దిగి పరుగెత్తింది. ఆయన నడిరోడ్డు మీద నిలబడి ఉన్నాడు. బండి నడిపేవాడు తిడుతున్నాడు, "ఏం పెద్దాయనా, ఇంట్లో చెప్పొచ్చావా?" అని. ఆమె చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగింది.

"అటు నుండి పిలిచావుగా," అన్నాడాయన, ఎదుటి వైపున ఉన్న వట్టి ప్రహరీని చూపిస్తూ.

బొమ్మల అమ్మాయి దగ్గరకు పోతే, ఆ అమ్మాయి తల వంచుకుంది. "ఇక మూయలేం పిన్నిగారూ. మా చేతిలో లేదు. అందరి ఇళ్ళలోకీ వెళ్ళిపోయింది. ఎవరు ఎప్పుడు చెవిని ఆ తలుపు దాకా తెస్తే అప్పుడు మాస్టారికి ఆ పిలుపు వినబడుతుంది."

ఇంటికి వచ్చి ఆమె ఆయన ఎదుట కూర్చుంది. ఎన్నడూ పట్టుకోనంత గట్టిగా ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"నిజం చెప్పండి. నేను పిలిచేదానికీ, ఆ పిలిచేదానికీ తేడా తెలుస్తుందా మీకు?"

ఆయన ఆలోచించాడు. శబ్దం దగ్గర ఆయన అబద్ధమాడడు. "తెలియదు. రెండూ నీవే."

"సరే. ఇకనుండి ఏవండీ అని ఊరుకుంటే అది నేను కాదు. వెంట మాట ఉంటేనే నేను. మాట లేని పిలుపుకు పలక్కండి. నా మీద ఒట్టు."

"మాటలు నేనే తీసేశాను కదూ," అన్నాడాయన.

"తీస్తే తీశారు. నా దగ్గర బోలెడు ఉన్నాయి."

ఆ రోజు నుండి ఆమె పిలుపును ఒంటరిగా వదలలేదు. "ఏవండీ, గుండీల డబ్బా అందుకోండి. ఏవండీ, ఎండ ఇటు తిరిగింది, తెర లాగండి. ఏవండీ, దుకాణం మనిషికి మళ్ళీ పెళ్ళి కుదిరిందట, పాపం ఈసారైనా నిలుస్తుందో లేదో." గోడలో నుండి ఆయనకు ఆ పిలుపు వినబడేది. ఆయన తల అటు తిరిగేది, వెంట మాట కోసం ఆగేది, రాకపోతే ఇటు తిరిగేది. పొదుపుగా మాట్లాడే మనిషి కాస్తా వాగుడుకాయ అయిపోయింది. "నీకు నోరొచ్చింది వదినా, మా అన్నయ్యకు చెవి వచ్చిందా?" అన్నది ఆడపడుచు. ఆమె నవ్వింది గాని మాటలాపలేదు. గొంతు బొంగురుపోయినా ఆపలేదు. ఆపితే ఆ సందులో అది దూరుతుంది.

మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె ఒకటి గమనించింది. అది పిలవడం తగ్గించింది. గోడ వెనుక గాలి సాగి వంగే ఆ ఏ… అ… ఈ… రోజులో ఎప్పుడో గాని ఆయనకు వినబడడం లేదు. బదులుగా, తాను మాట్లాడినంతసేపూ, ఎవరో ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టు ఆ వైపున ఒక నిశ్శబ్దం ఉండేది. ఆ తలుపు దాటి లోపలికి పోయినది చెవే కదా. చెవి ఏం చేస్తుంది? వింటుంది.

ఒక మధ్యాహ్నం ఆమె కిటికీ దగ్గర కుడుతోంది. ఆయన ముందుగదిలో ఏదో తీగ మీటుతున్నాడు. "ఏవండీ, తెల్లదారం అయిపోవచ్చింది," అన్నది. "సాయంత్రం అటుగా వెళ్తే…" సూదిలో దారం ఎక్కించడానికి, పోగును పెదవులతో తడిపేందుకు ఒక్క క్షణం ఆగింది.

"తెల్ల…" అన్నది గోడ.

అది ఆయనకొక్కడికే కాదు, ఆమెకూ వినిపించింది. తన గొంతే. లకారం కింద లకారం చక్కగా ఒత్తి పలికింది. మొదటిసారిగా నిలబడిన పసిబిడ్డ కాళ్ళలా కొంచెం వణికింది. "తెల్ల… దా…"

ఆమె పెదవుల మధ్య దారం అలాగే ఉండిపోయింది.

ముందుగదిలో తీగ చప్పుడు ఆగింది. ఆయన వచ్చాడు. గుమ్మంలో నిలబడి, గోడనూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. నేను కాదు అని.

ఆయన తన కుర్చీని ఈడ్చుకుంటూ తెచ్చి, ఆమె మోకాళ్ళకు తగిలేంత దగ్గరగా వేసి కూర్చున్నాడు. జేబులో నుండి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. పెళ్ళయిన నాటి నుండి ఆయన ఆమెను విన్నాడు. చూసింది తక్కువ. ఇప్పుడు ముఖం ముందుకు వంచి, ఆమె పెదవుల మీద చూపు నిలిపాడు.

"చెప్పు," అన్నాడు. "సాయంత్రం అటుగా వెళ్తే?"

ఆమె దారం తీసి పక్కన పెట్టింది. ఆయనకు కనబడేలా పెదవులు నిదానంగా కదుపుతూ, ఒక్కొక్క అక్షరమే పలకసాగింది. ఆమె వెనుక నుండి, ఒక అక్షరం ఆలస్యంగా, అదే గొంతు ఆమెను అనుసరిస్తూ వచ్చింది. ఆయన చూపు తిప్పలేదు.